సైకాలజీ నుంచి సైబర్ నేరాల పరిశోధనలోకి రావాలనుకునేవారికి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: సైకాలజీలో పీజీ చేశారు. సైబర్ నేరాలు, ఆన్‌లైన్‌లో మనుషుల ప్రవర్తన మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది. కోడింగ్ రాదు కాబట్టి ఈ రంగంలో నిలబడగలనా అని టెన్షన్. గైడ్ ఏమో "మనుషుల అజాగ్రత్తే అసలు సమస్య. విద్యార్థుల్లో సైబర్ అవగాహన ఎంత ఉందో ప్రశ్నావళితో కొలువు, డేటా త్వరగా చేతికొస్తుంది" అంటున్నారు. ఇది మంచి అంశమేనా, కాకపోతే ఎక్కడ మొదలుపెట్టాలి?

కోడింగ్ సంగతి ముందు తేల్చేద్దాం. ఈ రంగంలో చాలాకాలంగా పనిచేస్తున్నాను. ఇక్కడ కోడ్ రాసేవాళ్లకు కొరత లేదు. మనిషిని కూర్చోబెట్టి ఇంటర్వ్యూ చేయడం, ప్రయోగాన్ని సరిగ్గా డిజైన్ చేయడం, ఒక ప్రశ్న నిజంగా దేన్ని కొలుస్తోందో చూడగలగడం, వీటికే కొరత. అవి మీకు వచ్చు. కాస్త పైథానో ఆర్ భాషో నేర్చుకుంటే డేటా శుభ్రం చేసుకోవడానికి పనికొస్తుంది, అది మెల్లగా వస్తుంది.

అవగాహన ప్రశ్నావళి అంశాన్ని మాత్రం తీసుకోవద్దనే చెబుతాను. గైడ్ మీద గౌరవంతోనే చెబుతున్నాను. "అనుమానాస్పద లింకు వస్తే మీరేం చేస్తారు?" అని కాగితం మీద అడిగితే అందరూ "నొక్కను" అనే టిక్ పెడతారు. అప్పుడు మీరు కొలిచింది ప్రవర్తనను కాదు, సరైన జవాబు ఏదో జనానికి తెలుసా లేదా అన్నదాన్ని. ఈ రెంటి మధ్య ఉన్న దూరమే మన రంగానికి అసలు సరుకు.

ఆ దూరం ఎంతో చూపించే ప్రయోగం ఒకటుంది. అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయం పరిశోధకులు తమ విద్యార్థులకే ఉత్తుత్తి ఫిషింగ్ మెయిళ్లు, అంటే నమ్మించి పాస్‌వర్డ్ లాంటివి రాబట్టే దొంగ మెయిళ్లు, పంపారు. ఫలితాలు 2007లో అచ్చయ్యాయి. ఎవరో తెలియని వ్యక్తి పేరుతో మెయిల్ వస్తే 16 శాతం మంది తమ అసలు పాస్‌వర్డ్ ఇచ్చేశారు. సోషల్ నెట్‌వర్క్‌లో బయటికి కనిపించే వివరాలు చూసి స్నేహితుల పేరుతో పంపితే 72 శాతం మంది ఇచ్చారు. ఇంకా ఆసక్తికరమైనది తర్వాత జరిగింది. ప్రయోగం సంగతి విద్యార్థులకు చెప్పి, వాళ్లు అభిప్రాయాలు రాయడానికి ఒక పేజీ తెరిచారు. అక్కడ కోపంగా రాసినవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, "నేను మోసపోయాను" అని ఒప్పుకుంటూ రాసినవాళ్లు లేరు. మీ ప్రశ్నావళి నింపేది కూడా ఇలాంటి విద్యార్థులే.

"మనుషుల అజాగ్రత్త" అన్నదాన్ని కూడా పునాదిగా తీసుకోకూడదు. ఆ ఆలోచనను ఈ రంగం పాతికేళ్ల కిందటే ప్రశ్నించింది. లండన్‌లో పనిచేసిన అన్నే ఆడమ్స్, ఏంజెలా సాస్ 1999లో ఉద్యోగుల పాస్‌వర్డ్ అలవాట్లను అధ్యయనం చేశారు. జనం నియమాలు తప్పుతున్నది నిర్లక్ష్యంతో కాదని వాళ్లు చూపించారు. గుర్తుపెట్టుకోలేనన్ని పాస్‌వర్డ్‌లు పెట్టమన్నారు, అస్తమానూ మార్చమన్నారు, ఎందుకో మాత్రం ఎవరూ చెప్పలేదు. పని జరగాలి కాబట్టి జనం దగ్గరి దారి వెతుక్కున్నారు. మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు కార్మాక్ హెర్లీ 2009లో ఇంకో అడుగు ముందుకేశాడు. భద్రతా సలహాలను జనం పట్టించుకోకపోవడం ఆర్థిక దృష్టితో చూస్తే హేతుబద్ధమేనని వాదించాడు. సలహా పాటించే శ్రమ ప్రతి ఒక్కరికీ, ప్రతిరోజూ పడుతుంది. అది తప్పించే నష్టం మాత్రం ఎప్పుడో, ఎవరో కొందరికి జరుగుతుంది. అందరి సమయాన్నీ లెక్కగడితే చాలా సలహాలు తప్పించే నష్టం కంటే ఎక్కువ ఖర్చు పెట్టిస్తాయి. మొదటిసారి చదివినప్పుడు ఒప్పుకోబుద్ధి కాదు. కానీ ఆ వాదనకు జవాబు చెప్పలేకపోతే థీసిస్‌లో "వినియోగదారుల నిర్లక్ష్యం" అనే మాట రాసే హక్కు మనకు లేదని నా అభిప్రాయం.

పాస్‌వర్డ్ గడువు కథ దీనికి మంచి ఉదాహరణ. మూడు నెలలకోసారి పాస్‌వర్డ్ మార్చమనే నియమం ఎన్నో సంస్థల్లో ఉండేది, ఇప్పటికీ కొన్నిచోట్ల ఉంది. నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయంలో యించియన్ జాంగ్, ఫేబియన్ మొన్‌రోజ్, మైకేల్ రైటర్ వాడకంలో లేని పాత ఖాతాల పాస్‌వర్డ్ చరిత్రలను పరిశీలించారు. 2010లో వచ్చిన ఫలితం ప్రకారం, పాత పాస్‌వర్డ్ తెలిస్తే 41 శాతం కేసుల్లో కొత్తదాన్ని కంప్యూటర్ సెకన్లలో పట్టేస్తోంది. 17 శాతం ఖాతాల్లో అయిదు ఊహల్లోపే దొరికిపోతోంది. ఎందుకంటే మార్చమన్న ప్రతిసారీ జనం చివర ఒక అంకె పెంచుతారు, లేదా ఒక గుర్తును ఇటునుంచి అటు జరుపుతారు. 2017లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తన మార్గదర్శకాల్లో, కారణం లేకుండా గడువు పెట్టి పాస్‌వర్డ్ మార్పించవద్దని రాసింది. ప్రవర్తన మీద చేసిన పరిశోధనలు నియమాన్ని మార్చడానికి పనికొచ్చాయి. మీ పని కూడా ఇలాంటి చోటుకి చేరాలని కోరుకోండి.

ఇక ఫిషింగ్. ఎక్కువమంది పరిశోధకులు ఇక్కడే మొదలుపెడతారు, అందుకే ఇక్కడ చదవాల్సింది కూడా ఎక్కువ. 2006లో రచనా ధమీజా, డగ్ టైగర్, మార్టీ హర్స్ట్ 22 మందికి వెబ్‌సైట్లు చూపించి ఏది అసలు, ఏది నకిలీ అని అడిగారు. బాగా తయారుచేసిన నకిలీ సైటు 90 శాతం మందిని మోసం చేసింది. దాని అడ్రసులో డబ్ల్యూ అక్షరం బదులు రెండు వీ అక్షరాలు పక్కపక్కన ఉన్నాయి, అంతే తేడా. 23 శాతం మంది అడ్రసు బార్‌ను గానీ తాళం గుర్తును గానీ చూడనేలేదు, పేజీలో ఉన్నదాన్ని బట్టే తేల్చేశారు. వయసు, చదువు, కంప్యూటర్ అనుభవం, వీటిలో దేనికీ ఫలితంతో చెప్పుకోదగ్గ సంబంధం కనిపించలేదు. 22 మంది చిన్న శాంపిల్, అది గుర్తుంచుకోవాలి. పైగా వాళ్లకు ముందే తెలుసు, నకిలీలను పట్టుకోవడమే అక్కడి పని అని. నిజజీవితంలో మెయిల్ తెరిచేవాడి పని అది కాదు. బిల్లు కట్టడమో, సెలవు అడగడమో అతని పని. భద్రత ఎప్పుడూ రెండో పనే.

మరి నిపుణులు ఎలా పట్టుకుంటారు? రిక్ వాష్ 2020లో ఐటీ నిపుణులను ఇంటర్వ్యూ చేసి రాసిన పత్రం మీలాంటివాళ్లు తప్పకుండా చదవాలి. ఒక్క లైను కోడ్ అవసరం లేని పరిశోధన అది. నిపుణులు కూడా మెయిల్ తెరవగానే అనుమానంతో చూడరు. అందరిలాగే ఆ మెయిల్ తమకు ఎందుకు వచ్చిందో అర్థం చేసుకుంటూ పోతారు. పొసగని చిన్న విషయాలు ఒక్కొక్కటిగా పోగవుతాయి. ఒక దశలో "ఇది ఫిషింగ్ కావచ్చు" అన్న ఆలోచన తడుతుంది. అప్పుడు మాత్రమే లింకు ఎక్కడికి పోతోందో పరీక్షిస్తారు. అంటే పరీక్షించే పద్ధతి నేర్పడం ఒక్కటే చాలదు, అనుమానం ఏ క్షణంలో పుడుతుందో తెలియాలి. అది శుద్ధంగా సైకాలజీ ప్రశ్న.

ఈ నేపథ్యంతో శిక్షణ మీద వచ్చిన రెండు పెద్ద అధ్యయనాలు చూడండి. స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జ్యూరిక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక సంస్థలో 14,000 మందికి పైగా ఉద్యోగులను 15 నెలలపాటు పరిశీలించారు. లింకు నొక్కినవాళ్లకు వెంటనే శిక్షణ పేజీ చూపించే పద్ధతి చాలా కంపెనీల్లో ఉంది కదా, దాన్నే పరీక్షించారు. 2022లో వచ్చిన ఫలితం ప్రకారం, ఆ శిక్షణ వల్ల ఉద్యోగులు బలపడలేదు సరికదా, కొంత ఎక్కువగానే మోసపోయారు. అదే అధ్యయనంలో ఇంకో మంచి సంగతి తేలింది. అనుమానం వచ్చిన మెయిల్‌ను రిపోర్టు చేయడానికి ఒక బటన్ ఇస్తే, ఉద్యోగులు నెలల తరబడి విసుగు లేకుండా వాడారు, కొత్త దాడులు త్వరగా బయటపడ్డాయి. మనిషిని సమస్యగా చూస్తే శిక్షణ పేజీ గుర్తొస్తుంది. మనిషిని గమనించేవాడిగా చూస్తే రిపోర్టు బటన్ గుర్తొస్తుంది. నాకు ఈ రంగంలో బాగా నచ్చిన ఫలితాల్లో ఇదొకటి.

రెండోది 2025లో వచ్చింది. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (యూసీ) శాన్ డియెగో వైద్య విభాగంలో 19,500 మందికి పైగా ఉద్యోగులకు ఎనిమిది నెలల్లో పది ఉత్తుత్తి ఫిషింగ్ దాడులు పంపారు. శిక్షణ పొందినవాళ్లకీ పొందనివాళ్లకీ మధ్య మోసపోయే రేటులో తేడా 1.7 శాతం మాత్రమే. శిక్షణ పేజీ తెరుచుకున్నా చాలామంది దాని మీద నిమిషం కూడా గడపలేదు. నేను అంతకంటే ఎక్కువగా మీ దృష్టికి తేవాలనుకునేది ఇంకో అంకె. ఔట్‌లుక్ పాస్‌వర్డ్ మార్చమన్న మెయిల్‌కు 1.82 శాతం మంది పడ్డారు. సెలవుల నియమాలు మారాయన్న మెయిల్‌కు 30.8 శాతం మంది పడ్డారు. అదే ఉద్యోగులు, అదే సంస్థ, మెయిల్‌లోని విషయం మాత్రమే వేరు. కాబట్టి ఎవరైనా "మా సిబ్బందిలో నొక్కినవాళ్లు రెండు శాతమే" అంటే అది సిబ్బంది గురించి చెప్పే మాట కాదు, ఆ మెయిల్ ఎంత పేలవంగా ఉందో చెప్పే మాట. ఇలాంటి లోపం మీ ప్రయోగంలోకి రాకుండా, ఒకే ఎర వాడకుండా, ఎరల కష్టాన్ని మార్చి మార్చి కొలవాలి.

శిక్షణ చేయలేనిది డిజైన్ చేయగలదా అంటే, చాలావరకు చేయగలదు. గూగుల్ 2019లో ప్రచురించిన అధ్యయనంలో భౌతిక సెక్యూరిటీ కీ (లాగిన్ కోసం వాడే చిన్న పరికరం) వాడిన ఖాతాలు గురిపెట్టి చేసిన దాడులకు కూడా లొంగలేదు. ఎస్సెమ్మెస్ కోడ్ వాడితే అలాంటి దాడుల్లో 76 శాతమే ఆగాయి. కీ మనిషిని ఏమీ గమనించమని అడగదు, సైటు నకిలీదైతే కీ తనంతట తానే పనిచేయడం మానేస్తుంది. అయితే జనం కీలను ఎందుకు కొనరు, పోగొట్టుకుంటామన్న భయం ఎంత, పాస్‌వర్డ్ బదులు ఫోన్‌తోనో కంప్యూటర్‌తోనో లాగిన్ అయ్యే పాస్‌కీ అంటే వాళ్ల మనసులో ఏం ఊహ ఉంది, ఇవన్నీ ఇంకా పని కావలసిన ప్రశ్నలే.

ఇప్పటిదాకా చెప్పింది పాస్‌వర్డ్ దొంగతనాల గురించి. డబ్బు మోసాలు, ముఖ్యంగా నెలల తరబడి నమ్మకం పెంచి చేసే ప్రేమ, పెట్టుబడి మోసాలు వేరే లోకం. అక్కడ లింకు గుర్తుపట్టడం లాంటి నైపుణ్యం దాదాపు పనికిరాదు. కేంబ్రిడ్జ్‌కు చెందిన ఫ్రాంక్ స్టాజానో, వీధి మోసాల పద్ధతులు బాగా తెలిసిన పాల్ విల్సన్‌తో కలిసి మోసగాళ్లు వాడుకునే సూత్రాలను ఏడుగా గుర్తించాడు. దృష్టి మళ్లించడం, అధికారానికి తలొగ్గే అలవాటు, నలుగురూ చేస్తున్నారన్న ధైర్యం, అవసరం, సమయం లేదన్న ఒత్తిడి లాంటివి అందులో ఉన్నాయి. వాటిలో నిజాయితీలేమి అన్న సూత్రాన్ని ప్రత్యేకంగా పట్టించుకోండి. బాధితుడిని కూడా కొంచెం తప్పు పనిలో భాగం చేస్తే, తర్వాత అతను పోలీసుల దగ్గరికి వెళ్లడానికి జంకుతాడు. ఫిర్యాదుల లెక్కలు ఎందుకు తక్కువగా ఉంటాయో దీనివల్ల కొంత అర్థమవుతుంది. మిగతాది సిగ్గు. పరిశోధకురాలు మోనికా విట్టీ ప్రేమ మోసాల బాధితులతో చేసిన పనిలో, డబ్బు పోయిన బాధ కంటే ఆ బంధం పోయిన బాధే కొందరిని ఎక్కువగా కుంగదీసిందని చూస్తాం. లేని మనిషి కోసం దుఃఖపడుతున్నామని ఇంట్లో ఎవరికి చెప్పుకుంటారు? ఇక్కడ సైకాలజీ చదివినవాళ్లు రావలసిన అవసరం చాలా ఉంది.

మోసపోయేది పెద్దవాళ్లే అన్న నమ్మకాన్ని కూడా పక్కన పెట్టండి. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ లెక్కల్లో, డబ్బు పోయిందని చెప్పేవారి శాతం యువతలోనే ఎక్కువగా కనిపిస్తూ వచ్చింది. పెద్దవాళ్లలో పోయే మొత్తం ఎక్కువ. కాబట్టి "ఎవరు బలహీనులు" అని అడగడం కంటే "ఏ పరిస్థితిలో, ఏ మోసానికి ఎవరు" అని అడగాలి.

బాధితుల మీద ఇంత పని జరిగినా, నేరం చేసేవాళ్ల మీద తక్కువే జరిగింది. వీలైతే మీరు అటువైపు చూడాలని నా కోరిక. సినిమాల్లో కనిపించే హ్యాకర్‌ను మరిచిపోండి. బెన్ కోలియర్, ఆలిస్ హచింగ్స్, వారి సహచరులు 2020లో చూపించినట్టు, ఈ నేరవ్యవస్థలో ఎక్కువభాగం విసుగు పుట్టించే రోజువారీ పని: సర్వర్లు నడపడం, కస్టమర్ల ఫిర్యాదులు చూడటం, మూతపడ్డ సైటును మళ్లీ లేపడం. ఆ విసుగుతోనే మానేసేవాళ్లూ ఉంటారు. ఇది నిరోధానికి ఉపయోగపడుతుంది. డబ్బు తీసుకుని వెబ్‌సైట్లను స్తంభింపజేసే సేవల కోసం వెతికే బ్రిటన్ యువకులకు, అది నేరమని చెప్పే ప్రకటనలు అక్కడి నేషనల్ క్రైమ్ ఏజెన్సీ 2017 చివరి నుంచి 2018 మధ్య దాకా చూపించింది. అమెరికాలో అలాంటి దాడులు పెరుగుతూ పోతుండగా బ్రిటన్‌లో ఆ కాలంలో పెరుగుదల ఆగింది. ఆ ప్రకటనలకు అరెస్టులతో పనిలేదు, ఒక సందేశం సరైన క్షణంలో కంటబడింది అంతే.

డబ్బు దారిని పట్టుకోవడం ఇంకో కోణం. 2011లో కాలిఫోర్నియా పరిశోధకుల బృందం స్పామ్ మెయిళ్లలో ప్రచారమయ్యే మందులు, నకిలీ సరుకులు, సాఫ్ట్‌వేర్ అమ్మకాల వెనక చెల్లింపులు ఎక్కడికి పోతున్నాయో చూసింది. అందులో 95 శాతం గుప్పెడు బ్యాంకుల గుండానే నడుస్తోందని తేలింది. కోట్లాది మంది వినియోగదారులను మార్చడం కంటే గుప్పెడు బ్యాంకులను అడగడం తేలిక.

నేరస్తుడు, బాధితుడు అన్న గీత కూడా ఎప్పుడూ స్పష్టంగా ఉండదు. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023 ఆగస్టులో ఇచ్చిన నివేదిక ప్రకారం మయన్మార్‌లో కనీసం 1,20,000 మందిని, కంబోడియాలో సుమారు 1,00,000 మందిని నిర్బంధించి ఆన్‌లైన్ మోసాలు చేయిస్తున్నట్టు అంచనా. ఉద్యోగం ఉందని నమ్మి వెళ్లి, పాస్‌పోర్టు లాక్కోబడి, దెబ్బలు తింటూ ఇంకెవరినో మోసం చేసేవాళ్లను మనం ఏ వర్గంలో వేస్తాం? ప్రశ్నావళికి ఇది అందదు. తప్పించుకుని తిరిగొచ్చినవాళ్లతో జాగ్రత్తగా చేసే ఇంటర్వ్యూలకు అందుతుంది. ఆ పని మాత్రం సీనియర్ల పర్యవేక్షణ లేకుండా మొదలుపెట్టకండి.

అంకెల గురించి ఒక హెచ్చరిక. సైబర్ నేరాల నష్టం ఇన్ని లక్షల కోట్లని వార్తల్లో వచ్చే మొత్తాలను మీ మొదటి అధ్యాయంలో పెట్టకండి. డీనెయ్ ఫ్లోరెన్సియో, కార్మాక్ హెర్లీ 2011లో చూపించినట్టు, సర్వేలో ఒకరిద్దరు చెప్పిన భారీ సొమ్ము జనాభా అంతటికీ గుణించబడి అంచనాను ఎక్కడికో తీసుకుపోతుంది. పోలీసు ఫిర్యాదులకు వ్యతిరేక సమస్య ఉంది, అవి అసలు కంటే చాలా తక్కువ చూపిస్తాయి. ఇంగ్లండ్, వేల్స్ నేర సర్వేలో 2015 అక్టోబర్ నుంచి మోసాలు, కంప్యూటర్ నేరాల మీద ప్రశ్నలు చేర్చగానే మొత్తం నేరాల అంచనా దాదాపు రెట్టింపయింది. నేరం అప్పుడు పుట్టలేదు, అడగడం అప్పుడు మొదలైంది.

నైతికత గురించి మీ సంస్థ కమిటీ ఏమి అడిగినా, దానికంటే ఎక్కువగా మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోవాలి. ఇండియానా ప్రయోగంలో విద్యార్థుల కోపానికి కారణం ఉంది, వాళ్లను ముందుగా అడగలేదు. 2014లో ఫేస్‌బుక్ 6,89,003 మంది చూసే పోస్టుల్లో భావోద్వేగాలను మార్చి చేసిన ప్రయోగం బయటపడినప్పుడు కూడా ఇదే ప్రశ్న లేచింది. ఫిషింగ్ ప్రయోగంలో దాచిపెట్టడం కొంత తప్పదు. అలాంటప్పుడు అసలు పాస్‌వర్డ్‌లను ఎప్పుడూ నిల్వ చేయకండి, అయిపోగానే అందరికీ చెప్పండి, ఎవరు పడిపోయారో వాళ్ల పై అధికారులకు తెలియనివ్వకండి. బాధితులతో ఇంటర్వ్యూలు చేస్తే మీ మనసు గురించి కూడా ఏర్పాటు చేసుకోండి. వరసగా ఇలాంటి కథలు వింటే నిద్ర దెబ్బతింటుంది. మాట్లాడుకోవడానికి ఒక సహచరుడు ముందే కుదిరి ఉండాలి. నేరస్తుల ఫోరాల డేటా కావాలంటే మీరు సొంతంగా వాటిలోకి వెళ్లొద్దు. కేంబ్రిడ్జ్ సైబర్‌క్రైమ్ సెంటర్ అలాంటి డేటాను ఒప్పందం మీద విద్యాసంస్థల పరిశోధకులకు ఇస్తుంది. మీ గైడ్, మీ సంస్థ సంతకాలు కావాలి, కాబట్టి ముందుగా అడగండి.

గైడ్‌తో ఎలా మాట్లాడాలన్నది మిగిలింది. అంశం మొత్తం మార్చమని అడగకండి, పద్ధతి మార్చమని అడగండి. ఆయన కోరిన విద్యార్థులే శాంపిల్‌గా ఉండనివ్వండి. "ఏం చేస్తారు" అన్న ప్రశ్నల స్థానంలో "చివరిసారి మీకు వచ్చిన అనుమానాస్పద సందేశం ఏది, అప్పుడు మీరేం చేస్తున్నారు, అనుమానం ఎప్పుడు తట్టింది, తర్వాత ఏం చేశారు, ఎవరికైనా చెప్పారా" అని అడగండి. మొదట ఓ ఇరవై మందితో లోతైన ఇంటర్వ్యూలు చేయండి. వాటిలో తేలిన పరిస్థితులను, అంటే తొందర, తెలిసిన పేరు, ఎదురుచూస్తున్న మెయిల్ లాంటివాటిని, తర్వాత చిన్న ప్రయోగంలో ఒక్కొక్కటిగా మార్చి చూడండి. మొదటి సమావేశానికి జ్యూరిక్, శాన్ డియెగో పత్రాలు రెండూ అచ్చు తీసుకెళ్లండి. సెలవుల మెయిల్‌కు 30.8, పాస్‌వర్డ్ మెయిల్‌కు 1.82 అన్న పట్టిక ఆయన ముందు పెట్టి, ఇంత తేడా ఎందుకొచ్చిందో ఒక అవగాహన స్కోరు చెప్పగలదా అని అడగండి. ఆయన ఏమన్నారో ఇక్కడ రాస్తే ఇంటర్వ్యూ ప్రశ్నల చిత్తుప్రతి చూసిపెడతాను.